నరికేసిన లవంగం చెట్లు

మార్కాపురంలో రైలెక్కిన ముస్లిం పెద్దావిడ నా ఎదుట కూర్చుని, చేతిలో పుస్తకం ఏమిటని అడిగింది. ఇండోనేషియాలో లవంగాల వ్యాపారంతో ఎదిగిన టెర్నాటే దీవి సుల్తానుల చరిత్ర అన్నాను. చదివినంతవరకు చెప్పాను. అక్కడ బిడ్డ పుట్టగానే లవంగం మొక్క నాటేవారు. చెట్టు పోతే బిడ్డకు కీడని నమ్మేవారు. తర్వాత ఆ వ్యాపారం చేజిక్కించుకున్న డచ్చివాళ్లు, ధర పడిపోకూడదని ఆ చెట్లన్నీ నరికించారు.

నేను అక్కడే పుస్తకం మూసేశాను. మా అమ్మాయి పోయి ఏడాదైంది. తను పుట్టినప్పుడు నాటిన జామచెట్టు ఈ వేసవిలో ఎండిపోయింది. ఎందుకో అదీ ఆవిడకు చెప్పాను.

“ఆ లవంగం చెట్లు ఒక్కటీ మిగల్లేదా నాయనా?”

“లేదమ్మా.”

“నీ పుస్తకం అబద్ధం చెప్తాంది. అట్లయితే మా బిర్యానీలోకి లవంగం యాడినుంచి వచ్చినాది?”

నాకు నవ్వొచ్చింది. నవ్వి చాలా రోజులైంది.

“మీ జామకాయలు చిలకలు తినలేదా ఏంది? యాడో ఒకచోట గింజ పడి మొలిచే ఉంటాది.”

ఆవిడ కంభంలో దిగిపోయింది. గిద్దలూరు వచ్చేలోగా పుస్తకం మళ్లీ తెరిచాను. తర్వాతి పేజీలోనే ఉంది. కొండ మీద, నరికేవాళ్ల కంటబడని చెట్టు ఒకటి మిగిలిందట.