ఇంజనుకి పీట

మా ఆఫీసు వీధి మలుపులో ఈ మధ్య ఒక చెరుకురసం బండి వెలిసింది. దానికి చిన్న డీజిల్ ఇంజను. పొద్దున పది దాటాక మొదలుపెడతారు. మూడో అంతస్తులో ఏసీ గదిలో తలుపులు బిగించుకుని కూర్చున్నా ఆ చప్పుడు అద్దాల్లోంచి వస్తూనే ఉంటుంది. నిన్న మీటింగ్‌లో నేను గట్టిగా ఏదో వాదిస్తుంటే కింద ఒక దెబ్బ తప్పింది. నాలుగు దెబ్బలు సమంగా పడి, అయిదోది పడకుండా, మళ్ళీ నాలుగు పడ్డాయి. నేను మాట మధ్యలో ఆగిపోయాను. ఏమైందని అడిగారు. "ఏం లేదు, డీజిల్లో నీళ్ళు కలిసినట్టున్నాయి" అన్నాను. అందరూ నావైపు అదోలా చూశారు. ఇంజను చప్పుడుకి చెవి ఒగ్గే అలవాటు నాకు పుట్టుకతో లేదు. అది మండపేటలో సత్యం గారు నాకు పెట్టిన చెవి.

ఆయన్ని మీలో ఎవరూ చూసి ఉండరు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఒకే రంగు ఖాకీ చొక్కాతో ఉండేవారు. కుడి చెయ్యి ఎడమచేతి కంటే లావు. ముప్పై ఏళ్ళు ఒకే మిల్లులో, ఒకే ఇంజనుకి హ్యాండిల్ తిప్పిన చెయ్యి అది.

అప్పటికి నాకు ఇరవై నాలుగు. హైదరాబాద్‌లోనే పుట్టి పెరిగాను. ఇంటీరియర్ డిజైన్ చేసే చిన్న సంస్థలో ఉద్యోగం. కోపం ముక్కు మీదే ఉండేది, ఫోన్ చేతిలోనే ఉండేది. మండపేటలో వెంకటరత్నం గారనే బియ్యం వ్యాపారి, మూతపడ్డ తన పాత మిల్లుని ఫంక్షన్ హాలుగా మార్చాలనుకున్నారు. నేను ఒంటరిగా చేస్తున్న మొదటి పని అది. ప్రారంభానికి పద్దెనిమిది రోజులున్నాయనగా ఆయన నన్ను మిల్లు వెనక్కి తీసుకెళ్ళి, రేకుల పాక కింద ఉన్న పెద్ద ఆయిల్ ఇంజను చూపించారు. మనిషి ఛాతీ ఎత్తు, రెండు వైపులా రెండు బరువైన చక్రాలు, ఒళ్ళంతా తుప్పు, దుమ్ము.

"మా నాన్నగారి కాలం నాటిదండి. దీన్ని గుమ్మం ముందు షోగా పెట్టాలి. పాతకాలం స్టాండ్ లాంటిదేదో మీరే చూడండి" అన్నారు. "మా డ్రైవరు గారు మీతో ఉంటారు. ఏం కావాలన్నా ఆయనకి చెప్పండి."

డ్రైవరు అనగానే నేను కారు తాళాలు సత్యం గారి చేతిలో పెట్టి, రాజమండ్రి వెళ్ళి పెయింట్ డబ్బాలు తెమ్మన్నాను. ఆయన తాళాలకేసి చూశారు, నాకేసి చూశారు.

"నాకు సైకిలు తప్ప రాదండి."

"మరి డ్రైవర్ అన్నారు?"

"మిల్లు డ్రైవర్నండి. ఇది నా బండి" అని ఇంజను చక్రం మీద చెయ్యేశారు. "ముప్పై ఏళ్ళు తోలాను. ఒక్క అడుగు కదల్లేదు." ఆ మాట ఆయన ఎన్నోసార్లు అనే ఉంటారు, అయినా తనే ముందు నవ్వుకున్నారు. తర్వాత, నవ్వు ఆపేసి అడిగారు. "అమ్మాయి గారూ, దీన్ని తిరిగేలా పెడతారా, ఊరికే పెడతారా?"

"ఊరికేనండి. షోపీస్" అన్నాను ఫోన్ చూసుకుంటూ. ఆయన 'ఆయ్' అని ఊరుకున్నారు. ఆ ప్రశ్నలో ఆయన ప్రాణం ఉందని నాకు తెలియదు.

స్టాండ్ అప్పటికే నా ఫోన్లో ఉంది. నల్లటి ఇనుము, వంకీలు తిరిగిన నాలుగు కాళ్ళు, కింద ఇత్తడి పలక. ఏదో దేశంలో ఏదో హోటల్లోది. ఇంజను కొలతలు ఫోన్లో ఉన్న యాప్‌తోనే తీశాను, రెండు నిమిషాల పని. నా కొలతలు అవ్వగానే సత్యం గారు పాత క్యాలెండర్ కాగితాలు అన్నంమెతుకులతో అతికించి, మధ్యలో చింపి, ఇంజను చుట్టూ చొక్కా తొడిగినట్టు తొడిగారు. తర్వాత బొటనవేలికి గ్రీజు రాసుకుని ఒక్కో పాదం అంచునీ, ఒక్కో బోల్టు కన్నాన్నీ కాగితం మీంచి మెల్లగా రుద్దారు. దేవుళ్ళ బొమ్మల వెనక ఇంజను పాదాలు నల్లగా అచ్చుపడ్డాయి. నేను దాన్ని వీడియో తీసి స్నేహితులకు పంపించాను. కింద నవ్వు బొమ్మలు కూడా పెట్టాను.

"ఇదెందుకండీ, నేను కొలిచేశానుగా?"

"మీరు ఫోన్తో కొలిచారు కదండీ. నేను ఇంజన్నే అడుగుతున్నాను" అన్నారు తలెత్తకుండా.

ఆరో రోజున స్టాండ్ లారీలో దిగింది. చాలా బాగుంది. చైన్ కప్పీతో ఇంజనుని ఎత్తి దాని మీదకి దించితే మూడు పాదాలు కూర్చున్నాయి, నాలుగోది కూర్చోలేదు. బోల్టు కన్నం వేలెడు పక్కకి ఉంది. వెల్డింగ్ షాపుకి ఫోన్ చేసి అరిచాను. వాళ్ళు నేను పంపిన కొలతలే నాకు తిరిగి పంపారు. ఇక చేసేదేముంది, గ్రైండర్ మనిషిని పిలిచి ఆ పాదం కొంత కోసెయ్యమన్నాను.

సత్యం గారు వచ్చి ఇంజనుకీ గ్రైండర్‌కీ మధ్య నిలబడ్డారు.

"ఆ కాలు ఒకప్పుడు చిట్లితే పట్టీ వేయించి కన్నం పక్కన తవ్వించానండి. అందుకే తేడా. అది కోస్తే ఇంక బరువు నిలవదు. ఇంకెప్పటికీ తిరగదు."

"ఎవరు తిప్పుతారండీ దీన్ని? షోపీస్ అని చెప్పాను కదా!"

"షోపీసే కావాలంటే ఫొటో పెట్టుకోండి. మీ ఫోన్ నిండా ఉన్నాయిగా."

గ్రైండర్ మనిషి కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వుకి నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ ఊపులో అన్న మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు. "మిల్లు మూసి ఇన్నేళ్ళయింది. మీకింకా డ్యూటీ దిగలేదా? ఇక్కడ మీ పనేం లేదు, వెళ్ళండి."

ఆయన చేతి గ్రీజు చొక్కాకి తుడుచుకున్నారు. క్యాలెండర్ కాగితాన్ని మడతపెట్టి చక్రం మీద ఉంచి, సైకిలెక్కి వెళ్ళిపోయారు. గ్రైండర్ మనిషి నావైపు చూశాడు. ఏమైందో, "రేపు రండి" అన్నాను.

అందరూ వెళ్ళాక ఆ కాగితం విప్పి నేల మీద పరిచాను. నాలుగో కన్నం ఆయన చెప్పినచోటే ఉంది. కానీ నేను చూస్తూ ఉండిపోయింది దాన్ని కాదు. కాగితం ఒకపక్క పెన్సిల్‌తో 'నీళ్ళు ఇటు' అని రాసి ఉంది, రెండో పక్క 'పొగ ఇటు, గోడ వద్దు' అని. హ్యాండిల్ వైపు 'మనిషి నిలబడే చోటు' అని చిన్న గడి గీసి ఉంది. ఊరికే పెడతామని చెప్పాక కూడా, తిరిగే ఇంజనుకి ఎంత చోటు కావాలో అంతా ఆయన గీసి ఉంచారు. నేను తీసిన వీడియో మళ్ళీ పెట్టి చూశాను. నేను నవ్వుతుంటే ఆ వెనక ఆయన బొటనవేలు పట్టీ వేసిన పాదం మీద మిగతావాటి కన్నా ఎక్కువసేపు ఆగింది. స్నేహితులకు పంపినవన్నీ తొలగించాను. దానివల్ల ఏమీ కాదని తెలుసు.

మర్నాడు పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళాను. మిల్లు వెనక రెండో వీధి. ఆయన భార్య తాయారమ్మ గారు వాకిట్లో బియ్యం చెరుగుతున్నారు.

"సిటీ నించి వచ్చిన అమ్మాయివి నువ్వేనా? కోపం ఎక్కువంట కదా" అన్నారు చేట ఆపకుండా. "కూర్చో. కోపం ఉన్నవాళ్ళకి మజ్జిగ మంచిది."

మజ్జిగ తాగాను. తప్పయిందని చెప్పాలని మొదలుపెట్టి తడబడ్డాను. అప్పుడామె ఆయన ఎప్పుడూ చెప్పని సంగతి చెప్పారు. అప్పట్లో మిల్లులన్నిట్లో పొగగొట్టం మీద ఒక ఇనపకప్పు బోర్లించేవారట. పొగ దాన్ని తన్నినప్పుడల్లా 'కుక్ కుక్' అని కూసేది. మిల్లు నడుస్తోందని చుట్టుపక్కల వాళ్ళు ధాన్యం నెత్తిన పెట్టుకుని వచ్చేవాళ్ళు. ఏ మిల్లు కూత దానిది.

"మా మిల్లు కూత ఆగిందంటే పొయ్యి మీద కూర వదిలేసి వాకిట్లోకి వచ్చేసేదాన్ని. మళ్ళీ మొదలైతే, ఈయన బాగానే ఉన్నారనుకుని లోపలికి పోయేదాన్ని. ఇన్నేళ్ళ నించీ ఇల్లంతా నిశ్శబ్దమేనమ్మా. మనిషి ఎదురుగా ఉన్నా ఏదో ఆగిపోయినట్టే ఉంటది."

ఆమె లోపలికెళ్ళి తెచ్చింది ఆ కప్పే. నల్లగా, ఒక అంచు సొట్టతో. అంతలో సత్యం గారు తువ్వాలు భుజాన వేసుకుని వచ్చారు. కప్పుని నా చేతిలో చూసి ఇబ్బందిగా నవ్వారు. "మిల్లు మూసిన రోజు పట్టుకొచ్చేశానండి. దొంగతనమే అనుకోండి."

"తిరిగేలానే పెడదామండి" అన్నాను. తప్పయిందని అనడానికి నాకు అంతకన్నా మంచి మాట దొరకలేదు.

ఆయన కప్పుని నా చేతిలోంచి తీసుకుని తువ్వాలుతో తుడిచారు. తర్వాత, "అయితే స్టాండ్ అనకండి. పీట అనండి. ఇనప కాళ్ళ మీద పెడితే వణికిపోద్ది, గొంతు మారిపోద్ది. దానికి చెక్క కావాలి" అన్నారు.

చెక్క నా దగ్గరే ఉంది. మిల్లు పైకప్పు నుంచి దించిన రెండు పాత టేకు దూలాలు. వాటితో వెంకటరత్నం గారి ఆఫీసుకి బల్ల చేయిస్తానని గొప్పగా బొమ్మ గీసి ఇచ్చాను. వెళ్ళి అడిగితే ఆయన గడ్డం గోక్కున్నారు. "మరి నా బల్ల?" "ప్లైవుడ్‌తో చేయిస్తానండి." "ఇంతకీ ఇది తిరుగుతుందంటారా?" "సత్యం గారు తిరుగుతుందన్నారు." ఆయన లోపలికెళ్ళి, తండ్రి ఫొటో ఉన్న గోడకేసి ఒకసారి చూసి వచ్చి, "కానివ్వండి" అన్నారు.

ఆ పదకొండు రోజులు నా ఫోన్ ఎక్కువగా కిటికీ గట్టు మీదే ఉంది. చేతులకి గ్రీజు ఉంటే తెర పనిచేయదు. సత్యం గారు ఇంజను లోపల కిరసనాయిలు, డీజిల్ కలిపి పోసి, రోజూ పొద్దునా సాయంత్రం చక్రాన్ని కొద్దికొద్దిగా కదిలించడానికి చూసేవారు. మొదటి నాలుగు రోజులూ కదల్లేదు. నేను బలంగా నెట్టబోతే, "దెబ్బలాడకండి. అడగండి" అనేవారు. అయిదో రోజు అంగుళం కదిలింది. వడ్రంగి దూలాలకి ఆ క్యాలెండర్ కాగితం పరిచి కన్నాలు వేశాడు. దూలాల కింద మిల్లు పాత బెల్టు ముక్కలు కోసి వేశాం. ఇంజనుని దించితే నాలుగు పాదాలూ ఒక్కసారే కూర్చున్నాయి. సత్యం గారు నాలుగో బోల్టు నా చేతే బిగింపించారు. వంకీల కాళ్ళ నా స్టాండ్ ఇప్పటికీ అక్కడే ఉంది, చేతులు కడుక్కునే తొట్టి కింద. దానికదే సరైన చోటు.

ప్రారంభం రోజున జనం నిండుగా ఉన్నారు. హ్యాండిల్ వెంకటరత్నం గారికి ఇచ్చి, ఇంజను లోపలి ఒత్తిడి వదిలే లివరు నా చేతికిచ్చారు సత్యం గారు. చక్రం వేగం అందుకునేదాకా ఆ లివరు ఎత్తి పట్టుకోవాలి. ముందే వదిలితే ఇంజను తిరగబడుతుంది. మొదటిసారి నేను ముందే వదిలేశాను. హ్యాండిల్ ఎదురు తన్నింది. ఎవరో నవ్వారు. నా చెవులు వేడెక్కాయి. రెండోసారీ అంతే.

"వాళ్ళని వినకండి. చక్రాన్ని వినండి" అన్నారాయన నా పక్కన నిలబడి. "ఇంకా... ఇంకా... ఉండండి... ఆఁ, ఇప్పుడు."

వదిలాను. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత నేల అదిరింది. నల్లటి పొగ ముద్దగా లేచింది, గొట్టం మీద బోర్లించిన కప్పు ఎగిరి పడింది, 'కుక్' అంది. మళ్ళీ అంది. ఇక ఆగలేదు. అయిదు నిమిషాల్లో గేటు దగ్గరికి పిలవనివాళ్ళు రావడం మొదలైంది. ఒక ముసలావిడ లోపలికి తొంగిచూసి, "మిల్లు తెరిచారేంటండీ, చెప్పనేలేదు? ధాన్యం తెచ్చుకునేదాన్ని కదా" అని వెంకటరత్నం గారిని నిలదీసింది. నేను సత్యం గారి కోసం వెతికాను. ఆయన ఇంజను దగ్గర లేరు. గేటు దాటి, రెండో వీధి వైపు చూస్తూ నిలబడ్డారు. ఆ వీధి చివర తాయారమ్మ గారు చేట పట్టుకునే వాకిట్లోకి వచ్చేశారు.

సత్యం గారు పోయి ఏడాది దాటింది. ఇంజను ఆగలేదు. ఆదివారం ఆదివారం వెంకటరత్నం గారే పంచె ఎగ్గట్టి హ్యాండిల్ తిప్పుతారు, చేతులు నల్లగా చేసుకుంటారు. తాయారమ్మ గారు లివరు పట్టుకుంటారు. ఆ క్యాలెండర్ కాగితం నా సంచిలో ఉంటుంది. ఇప్పుడు నేను దేన్ని కొలవాలన్నా ముందు చేత్తో తడుముతాను. కోపం వచ్చినప్పుడు, రాకుండా ఏమీ ఉండదు, మనసులోనే లివరు ఎత్తి పట్టుకుని ఇంకా, ఇంకా, ఉండు అనుకుంటాను. ఒక్కోసారి ముందే వదిలేస్తాను కూడా.

ఆదివారం పదింటికి నా ఫోన్ మోగుతుంది. తాయారమ్మ గారు హలో అనరు. ఫోన్‌ని ఇంజను వైపు పెట్టేస్తారు. నేను చేస్తున్న పని ఆపి, స్పీకర్ పెట్టి వింటాను.

"ఎలా ఉందే?" అన్నారు మొన్న.

"కప్పు కాస్త పక్కకి ఒరిగిందండి. ఎడమకి జరపండి."

అవతల అడుగుల చప్పుడు. ఇనుము మీద గరిటెతో తట్టిన చప్పుడు. కూత ఒక్కసారి తడబడి, సర్దుకుని, తన గొంతులోకి వచ్చేసింది.