మసి పూసిన రాకెట్టు

మొన్న మా గేటుకు రంగు వేసే అతను డబ్బా మూత తీయగానే టర్పెంటైను వాసన వంటింటిదాకా వచ్చింది. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా కదల్లేకపోయాను. ఆ వాసన అంటే నాకు నందిగామలో మా అక్కావాళ్ల వరండా, అక్కడ ప్రతి వస్తువునూ ముక్కుకు ఆనించుకుని చూసే మా బావ. అరవైల నడుమ అక్కడి బడిలో టీచరు ఉద్యోగం వచ్చి వాళ్లింట్లోనే ఉండేదాన్ని. బావ తాలూకాఫీసు గుమాస్తా. కంటి నరం ఎండిపోతోందనీ, పోయిన చూపు తిరిగి రాదనీ బెజవాడ డాక్టరు అప్పటికే చెప్పేశాడు. ఆ ఏడే మద్రాసు రేవులో పనిచేసే స్నేహితుడు ఒక అట్టపెట్టె పంపాడు. నిండా ప్లాస్టిక్ ముక్కలు. అతికిస్తే మూరెడు రాకెట్టు అవుతుంది, ఎవరూ ఇంకా ఎక్కని, ఎవరో ఊహించిన రాకెట్టు. "చూపుండగానే దీన్ని పూర్తిచేసి కళ్లారా చూసుకుంటానమ్మాయ్" అన్నారు.

అతికించి వెండి రంగు వేసేసరికి వేసవి గడిచింది. మాకు ముచ్చటగానే ఉంది, ఆయనకే నచ్చలేదు. "నక్షత్రాలదాకా పోయొచ్చిన బండి పెళ్లికూతురిలా ఉంటుందా? జగ్గయ్యపేట బస్సు చూడు, దుమ్మూ మసీ పట్టి ఎట్లా ఉంటదో!" అని అసలు పని అప్పుడు మొదలుపెట్టారు. లాంతరు చిమ్నీ మసి గీకి, కిరసనాయిలులో కలిపి అతుకుల వెంట పూయడం, పాతగుడ్డతో తుడవడం, మళ్లీ పూయడం. తోక దగ్గర తలుపు గడియ తుప్పు. పొట్ట కింద, నేను మా పుట్టింటి నుంచి పొట్లం కట్టి తెచ్చిన జగ్గయ్యపేట సున్నపురాయి దుమ్ము. "మసిపూసి మారేడుకాయ చేస్తున్నారే మీ బావ" అని అక్క నవ్వేది. అదంతా నిలవాలంటే పైన వార్నీషు పూయాలి. అది బెజవాడలో కొనాలి.

దసరా సెలవుల్లో నన్ను తోడు తీసుకుని డాక్టరు దగ్గరకు వెళ్లారు. ఈ చలికాలం గడిచేదాకా చూపు నిలిస్తే గొప్పన్నాడు డాక్టరు. తిరుగు బస్సులో బావ వార్నీషు డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. మర్నాడు ఆయుధపూజ. ఇంట్లో కుట్టుమిషను, సైకిలు, కత్తిపీట కడిగి వరసగా పెట్టి ఉన్నాయి. వాటి ముందు పీట మీద, పసుపు రాసి, బొట్లు పెట్టిన రాకెట్టు.

"ఏమండీ, చూడండి! కుంకుడు రసం పోసి పీచుతో మూలమూలలా తోమా. అంతదూరం పోయే బండికి మురికితో పూజేంటండీ? మీ కళ్లు బాగవ్వాలని దీనికే ముందు బొట్టు పెట్టా" అంది అక్క.

బావ దాన్ని ముక్కు దగ్గరకు తీసుకోలేదు. వేలితో అతుకుల వెంట నెమ్మదిగా తడిమారు. "బాగా తోమావే" అన్నారు. అంతే.

పండగ వెళ్లాక మళ్లీ మసి గీకి ఇచ్చాను. కుంచె రాకెట్టు మీద పడలేదు, ఆయన బొటనవేలి మీద పడింది. ఇంకోసారీ అంతే. "నేను పూస్తాను బావా" అన్నాను. "పూస్తావమ్మాయ్. నేను చూసేదెట్లా?" అన్నారు. పెరట్లోకి పోయి ఏడ్చాను. చలికాలం వెళ్లకముందే ఆయనకు పగలూ రాత్రీ ఒకటయ్యాయి. ఆ తోమడంతో ఏం పోయిందో అక్కకు మేమిద్దరం ఎప్పుడూ చెప్పలేదు. వచ్చినవాళ్లకల్లా ఆ తళతళ చూపించి ఆవిడ మురిసిపోయేది. ఏళ్లు గడిచేకొద్దీ అలమర మీద రాకెట్టుకు వంటింటి పొగ పట్టింది, రంగు పెచ్చులూడింది, అతుకుల్లో దుమ్ము నల్లగా పేరుకుంది. బావ అంత ఆత్రపడి పూసిన మసిని కాలం తీరిగ్గా, అచ్చం ఆయన కోరినట్టే పూసిపెట్టింది, చూడ్డానికి ఆయనకు కళ్లు లేని ఏళ్లలో.