అక్క పెరట్లో ఐదు కోళ్లు

చిక్కడపల్లిలో మా అక్క తన ఇంటి కింది వాటాలో పసిపిల్లల బడి నడుపుతది. నాలుగేళ్ల నా బిడ్డను అక్కడే వేసిన. అప్పటికే అది వంద దాకా గడగడ చెప్పేది. మూడు స్పూన్లు తెమ్మంటే మాత్రం చేతికి అందినన్ని తెచ్చేది.

ఆ ఎండాకాలం అయిపోయినంక అక్క ఒక పుంజుతో కలిపి ఐదు కోళ్లను, ఒక మేకను తెచ్చి పెరట్లో పెట్టింది. వాసనొస్తదని కొందరు తల్లిదండ్రులు గొణిగిన్రు. అశోక్‌నగర్ నుంచి బిడ్డను తెచ్చి దింపే ఒకాయన బడి మాన్పిస్తనని కూడా అన్నడు.

"జర ఓపిక పట్టండి," అన్నది అక్క.

పొద్దున పిల్లలే మేత పెట్టాలె. కోడికొక గిన్నె. గిన్నె తక్కువైతే కోళ్లు పొడుచుకునేవి, ఎందుకో పిల్లలే కనుక్కునేటోళ్లు. మేక తొట్టి నిండాలంటే ఎన్ని చెంబులు పొయ్యాలె అని అడిగి అక్క పక్కకు జరిగేది. జవాబు తను చెప్పేది కాదు. నీళ్లు పొర్లి కాళ్లు తడిసినా ఊకునేది. అంత ఓపిక నాకెన్నడూ లేదు.

ఒకనాడు నేను ఆఫీసుకు పోయే తొందరల ఉన్న. నా బిడ్డ గిన్నెల ముందర ఆగిపోయింది.

"పెద్దమ్మా, ఒక గిన్నె మిగిలింది."

"ఎందుకట్ల?" అన్నది అక్క.

అది వేలు పెట్టి కోళ్లను మళ్లీ లెక్కపెట్టింది. "కోళ్లు నాలుగే ఉన్నయి. ఒకటి లేదు."

అందరం వెతికినం. నారాయణగూడ రోడ్డు మీదికి పోయిందేమోనని నాకు ఒకటే భయం. చివరికి మెట్ల కింద, పాత గోనెసంచుల వెనక కనబడ్డది. గుడ్ల మీద కూసొని, మమ్మల్ని చూసి ఈకలు ఉబ్బించింది.

అక్క చప్పట్లు కొట్టించలేదు. నా బిడ్డ ముందర కూసొని, "నువ్వు చెప్పకుంటే నాకు తెల్వకపోవు," అన్నది. ఆ కోడికి మేత పెట్టే పని దానికే అప్పజెప్పింది. ఆఫీసుకు లేటైనా నాకు అక్కడి నుంచి కదలబుద్ధి కాలేదు.

కొన్నాళ్లకు కోడిపిల్లలు బయటికొచ్చినయి. బడి మాన్పిస్తనన్న ఆయన కూడా వంగి లెక్కపెట్టబోయిండు. అవి ఒక్కచోట నిలుస్తలేవు, ఆయన లెక్క తప్పుతున్నది.

"గట్ల కాదు డాడీ," అన్నది ఆయన బిడ్డ. "నూకలు వెయ్యి. తినేటప్పుడు ఆగుతయి."

ఆయన లేచి నూకల డబ్బా అందుకున్నడు.