మొదటి పేజీ చదివించిన సారు

పోయిన శుక్రవారం మా డ్రిల్ సారు చనిపోయారు. పొద్దున నమాజుకు లేచి, కాళ్లూ చేతులూ కడుక్కుంటూ కూలబడ్డారట. బండల క్వారీకి బయలుదేరిన మా నాన్న సగం దారి నుంచే వెనక్కి వచ్చి, "సారు లేడమ్మా" అని మాత్రం అన్నాడు. సోమవారం నేను మారథాన్ శిక్షణ మొదలుపెట్టాలి. ఆ సోమవారం కోసం సారూ నేనూ ఎన్నో నెలలు ఎదురుచూశాం.

బడిలో నాకు పరుగు నేర్పింది ఆయనే. కడపలో డిగ్రీ ముగించి మా ఊరు బేతంచెర్లకు తిరిగి వచ్చాక, నలభై రెండు కిలోమీటర్లు పరిగెత్తాలని ఫోనులో ఒక ప్రణాళిక దించుకున్నాను. బాగా కఠినమైనదే ఎంచుకున్నాను. మా ఇంట్లో మొదట చదువుకున్నది నేనే. కష్టమైనదేదో చేసి చూపాలని ఉండేది. మొదటి పేజీ వదిలేసి నేరుగా పట్టికలోకి వెళ్లాను. ముందుమాట పరీక్షలో రాదు కదా, ఆ అలవాటు. మూడో వారానికి మోకాలి కింద ఎముక సలపడం మొదలైంది. దాచుకున్నాను.

ఒకరోజు బస్టాండు దగ్గర సారు చూశారు.

"ఏమ్మే, కుంటుతాండావు?"

"చెప్పు కరిచింది సార్."

"చెప్పు ఎముకను కరిచిందా? ఆ ఫోను ఇట్లియ్యి."

మొదటి పేజీ నాతోనే పైకి చదివించారు. కొన్ని నెలలుగా వారానికి నాలుగు రోజులు సులువుగా పరిగెడుతున్నవాళ్లకే ఇది అని అక్కడ స్పష్టంగా ఉంది. "ముందు ఎముకల డాక్టరుకు చూపించు. ఆయన సరే అన్నాకే రోడ్డు" అన్నారు.

సాయంత్రం మా ఇంటికి వచ్చి నాన్నకు సంగతి చెప్పారు. నాన్న వెంటనే, "కొత్తోనికి మొదటి దినమే పెద్ద బండ ఎత్తిస్తామా సార్? నడుం పోతాది" అన్నాడు.

"చూడమ్మే, నీకన్నా మీ నాయనకే బాగా అర్థమైండాది."

సిగ్గేసింది. నాన్న ముఖం చూసి సంతోషమూ వేసింది.

డాక్టరు ఒప్పుకున్నాక మొదట నడక. తర్వాత నడక మధ్యలో ఒక్కో నిమిషం పరుగు. సారు మోపెడ్ మీద పక్కనే వస్తూ, "ఉగ్గాని ఎట్ల జేస్తారో చెప్పు" అనేవారు. ఆయాసపడకుండా మొత్తం చెప్పాలి. మాట తెగితే నడవాలి. టీ అంగడి ఆయన నవ్వేవాడు: "ఏం సార్, పాపను వంటల పోటీకి పంపిస్తాండారా?"

"ముందు మాట్లాడనీప్పా. ఉరకడం యాడికి పోతాది."

ప్రతి నాలుగో వారమూ దూరం తగ్గించేవారు. నేను అలిగేదాన్ని. "కాలికి బలమొచ్చేది ఉరికినప్పుడు గాదమ్మే, పండుకున్నప్పుడు" అనేవారు. రంజాన్ నెలలో ఉపవాసముంటూ కూడా మానలేదు. ఆయన ఎండిన పెదాలు చూసి నేను చాటుగా నీళ్లు తాగబోతే కసిరారు: "నా రోజా నీ కాలికెందుకు? తాగు."

మొదటి పేజీ అడిగిన నెలలు నిండాక, పట్టిక మొదలుపెట్టాల్సిన ఆ సోమవారం తెల్లవారుతూనే ఒంటరిగా బయలుదేరాను. పట్టికలో మొదటి రోజు దూరం తక్కువే. బండల పాలిష్ ఫ్యాక్టరీల దాకా వెళ్లి వెనక్కి రావాలి. అక్కడికి చేరేసరికి ఒంట్లో ఇంకా శక్తి ఉంది, దుఃఖమూ ఉంది. రెండూ కలిసి ఇంకా ముందుకు పొమ్మన్నాయి. పోలేదు. వెనక్కి తిరిగాను. రోడ్డు పక్కన పరుచుకున్న తెల్లటి రాతిపొడిలో, వచ్చేటప్పటి నా అడుగులు కనిపించాయి. ఎడమా కుడీ, ఒకే లోతున.