అబ్షిర్ అన్న మాజీ ప్రెసిడెంటు

2006 వేసవిలో నన్ను సౌదీలోని అల్ ఖోబర్ హెడ్డాఫీసులో కాంట్రాక్ట్స్ ఆఫీసరుగా వేశారు. అంతకుముందు దమ్మామ్ గోదాములో కొనుగోళ్లు చూసేవాణ్ణి. చమురు పనులు చేసే సంస్థలకు లేబర్ క్యాంపులుంటాయి. ఆ క్యాంపుల్లో వంట, ఊడ్పు, బట్టల ఉతుకు మా కంపెనీ చూసుకునేది. ఆ ఒప్పందాల కాగితాలు తయారుచేయడం, బేరం జరిగే గదిలో చివరి కుర్చీలో కూర్చుని మినిట్స్ రాయడం నా ఉద్యోగం. అక్కడ నేను మాట్లాడకూడదు. ప్రొద్దుటూరులో స్టీలు సామాన్ల అంగడిలో పుట్టి పెరిగినవాడికి, కళ్లెదుట బేరం జరుగుతుంటే నోరు మూసుకుని కూర్చోవడం కంటే పెద్ద శిక్ష ఉండదు. అయినా అది ప్రమోషను కాబట్టి ఒప్పుకున్నాను.

నేను చేరిన నెలలోనే ప్రెసిడెంటు మారాడు. అందరూ అబూ మాజిద్ అని పిలిచే పెద్దాయన కంపెనీని పుట్టించి, చాలా ఏళ్లు నడిపి, మోకాళ్ల నొప్పులతో దిగిపోయాడు. ఆ కుర్చీలో అన్న కొడుకు ఫహద్‌ను కూర్చోబెట్టాడు. కంపెనీ తరఫున ఎవరి సంతకం చెల్లుతుందో చేంబర్ ఆఫ్ కామర్స్‌లో ఒక కార్డు మీద నమోదై ఉంటుంది. ఆ కార్డులో పెద్దాయన పేరు తీయించి ఫహద్ పేరు ఎక్కించిన పని నాదే. అంటే పెద్దాయన సంతకం ఇక చెల్లదు. మాట మాత్రం చెల్లుతూనే ఉంది. కార్డు మార్చినంత సులువుగా దాన్ని మార్చలేమని నాకు తర్వాత తెలిసింది.

అప్పుడే మా పెద్ద క్లయింటుతో ఒప్పందం తిరగరాసే సమయం వచ్చింది. ఫహద్ రెండుసార్లు వెళ్లాడు. క్లయింటు మేనేజరు కూడా సౌదీయే, వయసులో పెద్దవాడు. రెండుసార్లూ టీ ఇచ్చి, చిన్నాన్న ఆరోగ్యం ఎలా ఉందని అడిగి, సాగనంపాడు. మూడోసారి వెళ్లేముందు ఫహద్ నన్ను పిలిచాడు. చిన్నాన్నను క్లయింట్లతో సంబంధాలు చూసే పదవిలో పెట్టవచ్చా, ఒక పేజీలో నీ అభిప్రాయం రాసివ్వు అన్నాడు.

టీ గదిలో ఆ వారమంతా ఇదే చర్చ. దేశాధ్యక్షుడిగా చేసి దిగినవాణ్ణి మళ్లీ విదేశాంగ మంత్రిగా పెట్టవచ్చా అన్నంత గట్టిగా వాదించుకున్నారు. మా డ్రైవరు జహంగీర్ హైదరాబాదువాడు, ఎవరూ అడగకుండానే తీర్పు చెప్పేశాడు.

"గాయిన మాట అందరింటరు సార్, అది నిజమే. మరి గాయిన ఎవల మాటింటడు?"

నేను నవ్వి ఊరుకున్నాను. డ్రైవరు మాటకు ఆఫీసరు విలువిస్తాడా? పెట్టవచ్చు అని రాశాను. ఆయన ముఖం చూస్తే తలుపు తెరుచుకుంటుంది, తెరుచుకున్న తలుపులోంచి మన సరుకు లోపలికి జరపవచ్చు అని కూడా రాశాను. ఆ వాక్యం చూసుకుని రెండు రోజులు మురిసిపోయాను.

తలుపు నిజంగానే తెరుచుకుంది. మేనేజరు వరండాలోకి ఎదురొచ్చి పెద్దాయన భుజం ముద్దుపెట్టుకుని, తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. ఖర్జూరాలు, కాఫీ వచ్చాయి. మూడో కప్పు దగ్గర మేనేజరు, లాండ్రీ పని బయటివాళ్లకు ఇచ్చుకుంటాం, అది మీ ఒప్పందంలోంచి తీసేయండి, ఇదొక్కటే మా కోరిక అన్నాడు.

పెద్దాయన చేయి గుండెకు ఆనించి, "అబ్షిర్" అన్నాడు.

ఈ మాట గురించి చెప్పాలి. ఇక్కడ ఏదైనా అడిగితే ఇన్‌షాఅల్లా అంటే తలుపు ఓరగా ఉన్నట్టు. అబ్షిర్ అంటే సంతోషించు, నీ పని అయిపోయింది అని. అడిగినవాడికి ప్రెసిడెంటు ఇచ్చే మాట అది. ఆయన అన్నేళ్లూ జనానికి ఇచ్చిన మాట అదే, నాలుక మీదే ఉంది. రాయబారి నోట రాకూడని మాట కూడా అదే. మేనేజరు నావైపు తిరిగి, రాసుకో అన్నాడు. రాశాను. సంతకాల దగ్గర మాత్రం, కార్డు మీద పేరున్నది ఫహద్‌ది కాబట్టి మినిట్స్ ఆయన సంతకానికి పంపాలని మర్యాదగా గుర్తుచేసి, చిత్తుప్రతి ఫైల్లో పెట్టుకున్నాను. వారం గడువు దొరికింది. ఆరోజు నేను చేసిన తెలివైన పని అదొక్కటే.

నేను దమ్మామ్ క్యాంపుకు చేరేసరికి కబురు నాకంటే ముందే చేరింది. లాండ్రీ సూపర్‌వైజరు శామ్యూలు అమలాపురం మనిషి, పన్నెండేళ్లుగా అక్కడే. అతని కింద పద్దెనిమిది మంది.

"ఏవండీ ఖాదర్ గారూ, మా లాండ్రీ ఎత్తేశారంట కదండీ?"

ఇంకా సంతకం కాలేదన్నాను.

"ముసలాయన్ని పంపమని రాసిచ్చింది తమరేనంట. బాగుందండీ బేరం. ఉతికేవోళ్లనే ఉతికి ఆరేశారు."

అతను గొంతు తగ్గించి, పాస్‌పోర్టు మీద ఫైనల్ ఎగ్జిట్ ముద్ర కొట్టి ఇంటికి పంపేస్తే యాభై దాటినోడికి కొత్త వీసా ఎవడిస్తాడండీ అన్నాడు. పద్దెనిమిది మందీ ఇస్త్రీ బల్లల దగ్గర చేతులు ఆపి నన్నే చూస్తున్నారు.

ఫహద్ దగ్గరికి వెళితే ఆయన తల పట్టుకున్నాడు. చట్టం ప్రకారం నేను కాదనవచ్చు, కానీ చిన్నాన్న అబ్షిర్ అన్నదాన్ని నేను కాదంటే రేపు కుటుంబంలో నా ముఖం ఎక్కడ పెట్టుకోను అన్నాడు. నిజమే. పెద్దాయన ఆఫీసుకు వస్తే ఫహద్ లేచి తన కుర్చీ ఇచ్చేవాడు. అలాంటప్పుడు పెద్దాయన పోయి, మా ప్రెసిడెంటును అడిగి చెప్తాను అంటే ఎవడు నమ్ముతాడు?

నాకు మా అంగడి గుర్తొచ్చింది. కొనేవాడు మరీ తగ్గించి అడిగితే మా నాయన, "నాదేముందప్పా, మా యమ్మ ఒప్పుకోదు" అనేవాడు. మా జేజి, అంటే ఆ నాయనమ్మ, అంగడి గడప తొక్కింది ఎన్నడూ లేదు. అయినా ఆమె ఒప్పుకోనందువల్ల మాకు ఎన్ని గిన్నెల మీద లాభం మిగిలిందో లెక్కలేదు. పెద్దాయనకు హొఫూఫ్‌లో ఒక అక్క ఉన్నారు. భాగస్వాముల కాగితంలో ఆమె పేరు చూశాను, వాటా ఉంది. అక్కను అడగాలి అంటే ఏ సౌదీ పెద్దమనిషికీ తలవంపు కాదు. ఎదుటివాడు ఆ ఇంటి ఆడవాళ్ల సంగతి మళ్లీ అడగలేడు, ఫోను చేసి కనుక్కోలేడు. ఇంతకంటే గట్టి గోడ ఎక్కడ దొరుకుతుంది?

పెద్దాయన ఇంటికి వెళ్లి నసుగుతూ చెప్పాను. ఆయన చాలాసేపు నవ్వాడు. ఆయన నోట నా పేరు ఖాదిర్.

"ఖాదిర్, నువ్వు అంగడివాడి కొడుకువి. నన్ను అబద్ధం ఆడమంటున్నావా?"

అబద్ధం కాదు, ఊరికే ఆమె పేరు చెబితే చాలన్నాను.

"అడిగానని చెప్పాలంటే అడగాలి. బండి తీయించు."

మర్నాడు పొద్దున్నే జహంగీర్ బండి తోలాడు. హొఫూఫ్‌లో నన్ను ముందుగదిలో కూర్చోబెట్టి పెద్దాయన లోపలికి వెళ్లాడు. లోపలి మాటలు నాకు వినపడవు. కాసేపటికి తలుపు దగ్గరికి వచ్చి, లాండ్రీలో ఎంతమంది అని అడిగాడు. శామ్యూలుతో కలిపి పంతొమ్మిది అన్నాను. మళ్లీ వచ్చి, ఎన్నేళ్లుగా ఉన్నారన్నాడు. శామ్యూలు పన్నెండేళ్లు, మిగతావాళ్లలో సగానికి పైగా అయిదేళ్లు దాటారు అన్నాను. మూడోసారి వచ్చినప్పుడు ఏమీ అడగలేదు. బూట్లు వేసుకుంటూ, పద అన్నాడు.

దారిలో విషయం చెప్పాడు. అక్క ఒకటే మాటందట: "నువ్వు దిగిపోయాక కూడా దానం చేస్తున్నావు. దిగిపోయినవాడు దానం చేస్తే అది ఎవరి సొమ్ము?"

జహంగీర్ అద్దంలోంచి నన్ను చూశాడు. ఆ చూపులో ఏముందో నాకు తెలుసు, అందుకని కిటికీ వైపు తిరిగాను.

రెండో సమావేశంలో పెద్దాయన కాఫీ ముట్టకముందే విషయం చెప్పాడు. అబ్షిర్ అన్నది నేను, మా అక్క ఇంకా అనలేదు, ఆమెకూ వాటా ఉంది, ఆమె వద్దంటున్నారు అన్నాడు. మేనేజరు కప్పు కింద పెట్టాడు. ఆయన గడ్డం నిమురుకుని, పెద్దక్కతో వాదించే ధైర్యం నాకూ లేదు, మా ఇంట్లోనూ ఒకరున్నారు అని నవ్వాడు. అయితే ఆయనా బేరగాడే. కొత్తగా తెరిచే రెండో క్యాంపు బట్టలు కూడా అదే మనుషులతో ఉతికించాలని అడిగాడు. పెద్దాయన ఈసారి, "ఇన్‌షాఅల్లా, అక్కను అడిగి చెప్తాను" అన్నాడు. ఆ మాట విన్నప్పుడు నాకు లోపల ఈల వేయాలనిపించింది. మినిట్స్ రాసేవాడు ఈల వేయకూడదు.

ఆ అక్క సరేనన్నారు, కొందరిని అదనంగా తీసుకుంటేనే అని షరతు పెట్టారు. ఆరుగురిని తీసుకున్నాం. ఫహద్ సంతకం చేశాడు, చేంబర్ ముద్ర పడింది. లాండ్రీ నిలిచింది. నేను పోయి చెబితే శామ్యూలు దండం పెట్టలేదు, ఇస్త్రీ పెట్టె కూడా దించలేదు.

"ఉద్యోగం మిగిల్చారు, పని రెట్టింపు చేశారు. ఆరుగురు ఏ మూలకండీ? ఆ పెద్దమ్మ గారినే పంపాల్సిందండీ మొదట్నించీ."

ఆ తర్వాత పెద్దాయన చాలా ఏళ్లు క్లయింట్లతో మాట్లాడే పని చేశాడు, బాగా చేశాడు. మాజీ ప్రెసిడెంటును రాయబారిగా పంపవచ్చా అంటే, పంపవచ్చు అనే ఇప్పటికీ అంటాను. ఆయన హోదా వల్ల తలుపు తెరుచుకుంటుంది, అందులో నేను పొరపడలేదు. అయితే ఆయనపైన ఒకరుండాలి, ఆ ఒకరు నిజంగా కాదనగలవారై ఉండాలి, ఆయన నిజంగా వెళ్లి అడగాలి. నేను ఉత్త పేరు చాలనుకున్నాను, ఆయన మనిషి దగ్గరికే వెళ్లాడు. పని జరిగింది అందుకే. రిటైరయ్యేదాకా ఎవరినైనా బేరానికి పంపవలసి వస్తే, మాట ఇచ్చేముందు నువ్వు ఎవరిని అడగాలి అని ముందే అడిగేవాణ్ణి. ఎవరినీ అడగక్కర్లేదు అన్నవాణ్ణి ఆఫీసులోనే కూర్చోబెట్టాను.