విషయం పైన ఉండాలి

కెనడాలోని వాటర్లూలో మంచువాన పడిన రోజు లైట్ రైల్లో ఆరు గంటలు ఇరుక్కుపోయానని అందరికీ చెబుతుంటాను. నిజానికి గంటన్నరే. పైనున్న కరెంటు తీగలకు మంచు పట్టి, రెండు స్టేషన్ల మధ్య బండి ఆగిపోయింది. తలుపులు మాత్రం తీయలేదు.

పక్క సీట్లో ఒక తెలుగమ్మాయి, ఒళ్లో లాప్‌టాప్, కళ్లనిండా నీళ్లు.

"ఐదింటికల్లా ఈ ఎస్సే సబ్మిట్ చేయాలి అంకుల్. లేకపోతే కోర్సు ఫెయిల్. ఏ పేరా దేని గురించో చివరిదాకా తెలియట్లేదని ప్రొఫెసర్ తిప్పి పంపేశారు."

"ముప్పై ఏళ్లు ఇంగ్లిష్ లెక్చరర్‌గా చేశానమ్మా. ఇలా ఇవ్వు," అన్నాను.

చదివాను. అచ్చం మన వాళ్ల ఫోన్ కాల్ లాగే ఉంది. కుశల ప్రశ్నలన్నీ అయ్యాక, ఇక పెట్టేస్తామనగా అసలు సంగతి.

"ప్రతి పేరా పైనా 'విషయం' అని రాసి, ఆ పేరా చెప్పేదంతా పక్కనే ఒక్క పూర్తి వాక్యంలో పెట్టు. తర్వాత 'విషయం' అన్న మాట చెరిపేసి, వాక్యం ఉంచేయ్."

"ప్రొఫెసర్ అడిగే టాపిక్ సెంటెన్స్ ఇదేనా!" అంటూ ఐదు పేరాలూ అలాగే సరిచేసి, ఐదింటికి నాలుగు నిమిషాల ముందు పంపేసింది. బండి ఇంకా కదల్లేదు.

"ఏ కాలేజీలో చెప్పేవారు అంకుల్?"

తలుపులు తెరిచి ఉంటే మంచులోకైనా దూకేవాణ్ణి.

"విషయం: నేను లెక్చరర్‌ని కాదమ్మా. కరెంటాఫీసులో టైపిస్టుని. అక్కడ ప్రతి ఉత్తరానికీ పైన ఆ మాట కొట్టేవాణ్ణి."

ఆ అమ్మాయి మొదటిసారి నవ్వింది.

"టాపిక్ సెంటెన్స్ బాగుంది అంకుల్. కాకపోతే మీరూ చివర్లోనే పెట్టారు."