పదకొండో గడప

నా చిన్నప్పుడు, నేను నాలుగో తరగతి చదువుతున్న ఏడాది, మాఘమాసంలో ఒక బుధవారం ఉదయం ఏడు గంటల నలభై నిమిషాలకు, పొగమంచు ఇంకా విడవని జఫర్‌గఢ్ నుంచి మా అమ్మ చనిపోయిందన్న కబురు బస్సెక్కింది. ఆ సమయానికి మా అమ్మ పొయ్యి ముందు కూర్చొని జొన్నరొట్టె కాలుస్తోంది. నేను పక్కనే కూర్చొని తింటున్నాను. ఈ రెండూ ఒకే నిమిషంలో జరిగాయనడానికి మా తాతయ్య గోడగడియారమే సాక్ష్యం.

అంతకు ముందు రోజు అమ్మ వాకిట్లో మిరపకాయలు ఆరబోస్తుంటే ఒక కాకి ఆమె నెత్తిమీద తన్నిపోయింది. కాకి తన్నితే ప్రాణగండమని మా వైపు నమ్మకం. దానికి విరుగుడు కూడా పెద్దలే చెప్పారు. ఆ మనిషి చనిపోయిందని రక్తసంబంధీకుల్లో ఒకరికి అబద్ధపు కబురు పంపాలి. వారు ఒక్కసారి మనసారా ఏడిస్తే గండం తీరిపోతుంది. ఆ వెంటనే నిజం చెప్పి ఓదార్చాలి. బయ్యారంలో ఉన్న అమ్మ సొంత చెల్లెలికి, అంటే మా చిన్నమ్మకు, కబురు పంపాలని నాయనమ్మ పట్టుబట్టింది. "దాని ఒళ్లె నలభై దినాల పసిబిడ్డ ఉన్నది అత్తమ్మా" అని అమ్మ ఒక్కమాట అన్నది. "ఒక్కపారి ఏడిస్తే ఏమైతదే? నువ్వు బతుకుతవు" అన్నది నాయనమ్మ. మా నాయిన తల్లికి ఎదురు చెప్పే మనిషి కాదు.

తాతయ్య కాజీపేట రైల్వేలో పనిచేసి వచ్చిన మనిషి. ఆయనకు కాకి మీద నమ్మకం లేదు, ఇంట్లో గెలుస్తానన్న నమ్మకమూ లేదు. అందుచేత కబురును ఆపలేక దానికి కట్టుబాట్లు పెట్టాడు. కబురు ఒక్క గడపే ఎక్కాలి. ఒక్క మనిషికే చెప్పాలి. ఒక్క మాటకు మించి చెప్పకూడదు. నిజం మోసుకొని తానే తరువాతి బస్సుకు బయలుదేరతాడు. వెంట నన్ను తీసుకెళతాడు. తల్లి పోయిన పిల్ల జడలు వేసుకొని, కడుపునిండా తిని, బస్సు కిటికీలోంచి చూస్తూ రాదు కదా! నేనే రుజువు.

ఈ కట్టుబాట్లను నేను ఇవాళ పనిగట్టుకొని గుర్తుచేసుకుంటున్నాను. ఎందుకంటే ఈ రోజుల్లో అరచేతిలో పట్టే ఫోనులోంచి బతికున్న మనుషుల చావు కబుర్లు రోజూ బయలుదేరుతున్నాయి. పాటగాళ్లను, నటులను, నిన్న పేరొచ్చిన పల్లెటూరి ఆడవాళ్లను, పూలదండ వేసిన ఫోటోతో, ఏడుపు సంగీతంతో చంపుతున్నారు. ఎవరు చూశారో ఉండదు, ఏ గంటకు ప్రాణం పోయిందో ఉండదు. కాకికి భయపడి చెప్పిన అబద్ధానికి కూడా మా ఇంట్లో ఇన్ని కట్టుబాట్లు ఉండేవి. వీళ్లకు కాకి భయం కూడా లేదు.

కబురు తీసుకెళ్లింది మా మేనబావ. ఇరవై ఏళ్ల వాడు. దసరాకు ఊళ్లో వేసే నాటకాల్లో ఏడ్చే వేషం ఎప్పుడూ అతనిదే. మా వాళ్లు మానుకోట అని పిలుచుకునే మహబూబాబాద్‌లో ఏ సినిమా వచ్చినా మొదటి రోజే చూసి, అందులోని చావు సన్నివేశాన్ని మా వాకిట్లో ఆడి చూపేవాడు. మేమందరం ఏడ్చేవాళ్లం. మేము ఏడిస్తే అతని ముఖం వెలిగిపోయేది. ఆ వెలుగు ఎంత ప్రమాదమో అప్పటికి ఎవరికీ తెలియదు.

మేము ఎక్కిన ఆ తరువాతి బస్సు వర్ధన్నపేట దాటాక చెడిపోయింది. డ్రైవరు, కండక్టరు కలిసి దాన్ని బాగుచేసేసరికి మూడు గంటలు గడిచాయి. తాతయ్య రోడ్డు మీద అటూ ఇటూ తిరుగుతూ మాటిమాటికీ జేబుగడియారం తీసి చూశాడు. అబద్ధం ముందు బస్సులో క్షేమంగా చేరిపోయింది. నిజం మాతోపాటు తుమ్మచెట్టు కింద కూర్చున్నది.

బయ్యారం చేరేసరికి మధ్యాహ్నం మూడయింది. చిన్నమ్మ ఉండే వీధి మొదట్లోనే ఒక ముసలావిడ నన్ను చూసి "అయ్యో, తల్లి లేని పిల్ల" అని గుండెకు హత్తుకొని ఏడ్చింది. తాతయ్య నిలబడిపోయాడు. ఈమె చిన్నమ్మ కాదు. ఈ గడప మా లెక్కలో లేదు. తరువాతి ఇంట్లోనూ ఏడుపే. మా బావ వీధిలోకి అడుగుపెట్టిన దగ్గరినుంచే శోకాలు పెడుతూ, అడిగిన ప్రతి ఇంటి ముందూ ఆగి చెబుతూ వెళ్లాడట. "చెల్లెను ఒక్కసారి చూడాలె, చెల్లెను చూడాలె అనుకుంటనే కన్ను మూసింది" అని ఒక చివరి మాట కూడా కల్పించాడట. తాతయ్య పంపిన ఒక్క మాటలో అది లేదు.

అతను చేరకముందే వీధిలోని ఏడుపు చిన్నమ్మకు చేరింది. ఆమె స్పృహ తప్పి పడిపోయింది. తెలివి వచ్చాక బిడ్డను రొమ్ముకు పెట్టుకుంటే పాలు లేవు. పొద్దున దాకా ఉన్న పాలు ఇంకిపోయాయి. మేము గడప ఎక్కేసరికి ఆ ఆడపిల్ల గుక్కపట్టి ఏడ్చి, ఏడవడానికి ఓపిక లేక మూలుగుతోంది.

నన్ను చూసి చిన్నమ్మకు అర్థం కాలేదు. తాతయ్య నన్ను ముందుకు తోసి, "మీ అక్క బతికే ఉన్నది బిడ్డా. పొద్దున నేను వస్తుంటే రొట్టె జేస్తున్నది. అడుగు దీన్ని" అన్నాడు. నేను అవునన్నాను. చిన్నమ్మ నవ్వలేదు, లేచి కూర్చోలేదు. "మరి ఎందుకు సంపిండ్రు మామా?" అని మాత్రం అడిగింది.

జవాబు చెప్పింది పక్కింటి అక్క. వాళ్లది గాజుల వ్యాపారం చేసే ముస్లిం కుటుంబం. ఆమెకూ ఐదు నెలల కొడుకున్నాడు. ఎవరూ పిలవకుండానే వచ్చి పసిదాన్ని అందుకొని, గోడవైపు తిరిగి పాలు పట్టింది. పాలు పడుతూనే తాతయ్యను కడిగేసింది. "అరె, కాకి తంతే కాకిని కొట్టాలె గానీ మనిషిని సంపుతరా తాతా? జర సోచాయించవా, ఆలోచన ఉండదా? గింత పసిగుడ్డు నోటికాడి పాలు గుంజుకుంటిరి. మీకంటె ఆ కాకే నయం."

మా తాతయ్యను ఊళ్లో ఎవరూ అంత మాట అనగా నేను వినలేదు. ఆయన తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. "నువ్వన్నది నిజమే తల్లీ" అన్నాడు. తరువాత అరుగు మీద కూర్చొని టీ తాగుతున్న మా బావ వైపు తిరిగాడు. ఆయన ముఖంలో నేను చూసిన కోపాన్ని మళ్లీ ఏ మనిషిలోనూ చూడలేదు. అయినా గొంతు పెరగలేదు.

"ఎన్ని గడపలు ఎక్కినవ్?"

"ఏమైతది తియ్ తాతా," అని మా బావ నవ్వాడు. "సచ్చిందని పుకారు పుడితే ఆయుష్షు పెరుగుతదంటరు గదా. అత్త నూరేండ్లు బతుకుతది."

"నేను ఆయుష్షు అడగలే. గడపలు అడిగిన."

బావ వేళ్లు మడిచి చెప్పాడు. ఈ వీధిలో చిన్నమ్మ ఇల్లు కాక ఎనిమిది ఇళ్లు. మానుకోట బస్టాండు దగ్గర టీ హోటల్ ఒకటి. తాతయ్య అతని చేతిలో గ్లాసు తీసి పక్కన పెట్టాడు. "అబద్ధం ఎన్ని గడపలు ఎక్కిందో నిజం గూడ అన్ని గడపలు ఎక్కాలె. ఎంత గొంతుతోటి ఏడిపించినవో అంత గొంతుతోటి చెప్పాలె. లే" అన్నాడు.

ఆ ఎనిమిది ఇళ్లకూ ముగ్గురం వెళ్లాం. మొదటి ఇంట్లో మా బావ నవ్వుతూ చెప్పాడు. రెండో ఇంట్లో ఒకాయన, "సినిమాలల్ల చేరే ముందు మా ఇంట్ల నేర్సుకుంటున్నవారా?" అని వెక్కిరించాడు. మూడో ఇంట్లోని ముసలావిడ మా అమ్మ కోసం అప్పటికే తలస్నానం చేసి, తడిబట్టలతో చలిలో వణుకుతూ కూర్చొని ఉన్నది. అక్కడినుంచి మా బావ నవ్వు ఆగిపోయింది. ఎనిమిదో ఇంటికి వచ్చేసరికి, "నేను అబద్ధం చెప్పిన. మా అత్త బతికే ఉన్నది" అనే రెండు మాటలు చెప్పడానికి నాటకాలాడే ఆ గొంతు పెగలలేదు. గొంతు పెగిలేదాకా తాతయ్య ఆ గడప ముందు నుంచి కదలలేదు.

సాయంత్రం మానుకోట హోటల్లో, పొద్దున ఏ బల్ల మీద కూర్చొని ఏడ్చాడో అదే బల్ల ఎక్కించి చెప్పించాడు. టీ తాగేవాళ్లు నవ్వారు. వాళ్లను నవ్వనిచ్చాడు. ఈ హోటల్‌తో, చిన్నమ్మ ఇంటితో కలిపి పది.

తిరుగు బస్సులో, పొద్దుగూకుతుండగా, మా బావ తనంతట తానే నోరు విప్పాడు. ఇంకొకటి ఉందన్నాడు. పొద్దున బస్సులో పక్కన కూర్చున్న ఒక ముసలి కూలి మనిషికి కూడా చెప్పాడట. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకొని, మూటలోంచి ఉడికించిన కందగడ్డలు, అంటే చిలగడదుంపలు, రెండు తీసి, "ఆ తల్లి లేని పిల్లకియ్యి బిడ్డా" అని చేతిలో పెట్టి, దారిలో ఎక్కడో దిగిపోయిందట. ఏ ఊరో చూడలేదు, పేరు అడగలేదు.

"కందగడ్డలేవి?" అన్నాడు తాతయ్య.

"తిన్న."

"తల్లి లేని పిల్లకని ఇచ్చింది. తల్లి ఉన్న పిల్లకు గూడ అందలే" అన్నాడు తాతయ్య. ఆ తరువాత బతికినన్నాళ్లూ ఆ దారిలో వెళ్లినప్పుడల్లా ఆయన ముసలి కూలి ఆడవాళ్లను ఆపి, మాఘంలో బస్సులో ఒక పిల్లకని కందగడ్డలు ఇచ్చింది నువ్వేనా తల్లీ అని అడిగేవాడు. వాళ్లు ఆయనను పిచ్చివాడనుకునేవారు.

పక్కింటి అక్క మూడు రోజులు పాలిచ్చింది. నాలుగో రోజు చిన్నమ్మకు పాలు వచ్చాయి. బిడ్డ బతికింది.

ఆ బిడ్డ, నా చెల్లెలు, ఇప్పుడు భూపాలపల్లిలో బొగ్గు గనిలో పనిచేసే కొడుకు దగ్గర ఉంటోంది. జీవితమంతా నాట్లు వేస్తూ పాడిన పాటను రెండేళ్ల కిందట మనవడు ఫోనులో తీసి పెట్టాడు. లోకమంతా విన్నది. సినిమా వాళ్లు వచ్చి రెండు చరణాలు తీసుకున్నారు. జనగామలో వేదిక ఎక్కించి శాలువా కప్పారు. పోయిన నెల ఆమెకు నెమ్ము చేసి దవాఖానలో చేరింది. మూడో రోజు ఒక ఛానల్ వాడు ఆమె ఫోటోకు దండ వేసి, "ఇక లేరు" అని పెద్ద అక్షరాలతో రాసి, వెనుక ఆమె పాటనే ఏడుపు రాగంలో మెల్లగా పెట్టి వదిలాడు. ఎంతమంది చూశారో దాని కింద చూపే అంకె ఒక్కరోజులో నాలుగు లక్షలు దాటింది. జనగామలో ఉన్న ఆమె కూతురు అది బస్టాండులో చూసి కూలబడింది. నా చెల్లెలు మంచం మీద ఉండి, పక్క రోగి ఫోనులో తన చావు తానే చూసుకుంది.

నేను వెళ్లినప్పుడు ఒక్కమాటే అన్నది. "అక్కా, నా పాట నా సావుకే పెట్టిండ్రు. ఇగ ఎట్ల పాడుదు?" ఒళ్లు నయమై ఇంటికి వచ్చింది. పాట రాలేదు.

ఆ ఛానల్ నంబరు సంపాదించి ఫోన్ చేశాను. ఎవరు చూశారు, ఏ గంటకు పోయింది, మీకు ఎవరు చెప్పారు అని వరుసగా అడిగాను. "అందరు పెట్టిండ్రు అమ్మమ్మా, మేము గూడ పెట్టినం. తీసేసినం గదా, ఇంక ఏందీ లొల్లి? పుకారు పుడితే ఆయుష్షు పెరుగుతది తియ్యి" అన్నాడు ఒక కుర్రవాడు. అరవై ఏళ్ల తరువాత అదే మాట, అదే నవ్వు. తీసేస్తే సరిపోతుందట! చెప్పి ఏడిపించి, కందగడ్డలు తిని, చప్పుడు చేయకుండా తిరుగు బస్సు ఎక్కడాన్ని వీళ్లు దిద్దుబాటు అంటున్నారు. ఎంత గొంతుతో చంపారో అంత గొంతుతో బతికించండి అన్నాను. ఫోన్ పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

అందుచేత తాతయ్య పనే నేను చేశాను. ఆమె కోసం ఏడ్చారని నాకు తెలిసిన ప్రతి మనిషికీ నేనే ఫోన్ చేశాను. ఫోన్ లేని చోటికి మోకాళ్ల నొప్పితోనే వెళ్లాను. మహబూబాబాద్ బస్సు ఎక్కినప్పుడల్లా ఇప్పటికీ నా కళ్లు మూటలు పట్టుకున్న ముసలి ఆడవాళ్ల వైపు పోతాయి. ఆమె ఇప్పుడు బతికి ఉండదని నాకు తెలుసు. నా కోసం ఏడ్చిన ఆ మనిషికి మా అమ్మ ఆ తరువాత ముప్పై ఒక్క ఏళ్లు బతికిందని ఎవరూ చెప్పలేదు. ఆ బాకీ నాది.

లెక్క ఇదీ. తాతయ్య ఎక్కాల్సిన గడపలు పదకొండు, ఎక్కినవి పది. నేను చెప్పాల్సిన మనుషులు ఇరవై ఏడుగురు, చెప్పింది ఇరవై ఏడుగురికి. ఆ ఛానల్ ఏడిపించిన నాలుగు లక్షల మందిలో, వాళ్లు తిరిగి వెళ్లి నిజం చెప్పింది, ఈ రోజు సాయంత్రానికి, ఒక్కరికి కూడా లేదు.